చిన్ని పేరున్న ఫైలు

"ఆ పేరుతో ముందే ఏదైనా ఉంటే? చూసుకోకుండా దాని మీదే రాసి పారేస్తే?"

కూతురు కంప్యూటర్ ఇంకా తెరవనైనా లేదు, అమ్మ అప్పుడే మొదలుపెట్టింది.

వాళ్లున్న కుట్టు దుకాణం పెట్టిన నాన్న పోయి ఆరేళ్లు. ఆయన కొలతల పుస్తకాన్ని పురుగులు తినేశాయి. మిగిలిన పుటల్ని అమ్మ చదువుతుంటే కూతురు నిన్న కంప్యూటర్లోకి ఎక్కించింది. పేరూ కొలతలూ అడిగి, ఆ పేరుతోనే ఫైలు దాచే చిన్న ప్రోగ్రాం తనే రాసుకుంది. ఆఖరి పుట, కూతురికి ఐదో ఏట కుట్టిన గౌనుది, చదవడం అయీ కాకముందే అమ్మ చేతిలో పొడైపోయింది. కొలతల పక్కన ఆయన రాసుకున్న ఒక్క మాట కూడా ఇప్పుడు ఆ ఫైలులోనే ఉంది.

ఆయన రాసింది దేన్నీ కొట్టేసేవాడు కాదు. పాత కొలత కిందే కొత్తది రాసేవాడు. "ఎంత పెరిగారో తెలియొద్దూ?" అనేవాడు, చెవి మీద పెన్సిల్ సర్దుకుంటూ.

"ముందు చూసి రాయమని దానికి చెప్పవే" అని నిన్నటి నుంచి అమ్మ ఒకటే పోరు.

"నీ భయానికో లైను చొప్పున రాస్తూ కూర్చుంటే నా జన్మ చాలదమ్మా" అని కూతురు నవ్వేసింది.

మధ్యాహ్నం మందుల షాపావిడ తన పాపను తీసుకొచ్చింది. అమ్మ టేపు పట్టి చెప్పింది, కూతురు టైపు చేసింది.

"పేరేం రాయమంటారు?"

"ఇంట్లో పిలిచేదే రాయమ్మా. చిన్ని."

మీటలు టకటకలాడాయి. తల్లీ పిల్లా గుమ్మం దాటాక గానీ అమ్మకు తట్టలేదు.

"ఒసేయ్, నాన్న పుస్తకంలో నువ్వు కూడా చిన్నివే కదే."

కూతురు ఏదో మీట నొక్కింది. తెరకేసి చూస్తూ ఉండిపోయింది.

"పోయిందా? పోతే పోయిందని చెప్పెయ్, తట్టుకుంటాను" అంది అమ్మ, తట్టుకోలేనని తెలిసే. కుట్టుమిషను ముందు కూలబడింది. బయట బస్సొకటి ఆగి, మనుషుల్ని దింపి, వెళ్లిపోయింది. ఇస్త్రీపెట్టె చల్లారింది. కూతురు కళ్లు తుడుచుకోవడం చూసి అమ్మ ఇక అడగనే లేదు.

కూతురు తెరను అమ్మ వైపు తిప్పింది.

"నిన్న నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు నువ్వడిగిన ఆ లైను రాశానమ్మా. ప్రోగ్రాం ఆ పేరు ఉందో లేదో చూసి, ఉందని ఆగి, ఏం చేయమంటావని నన్నడిగింది. పాతది తెరిచి చదువుతున్నా. 'కింద రెండంగుళాలు లోపలికి మడిచి ఉంచాలి, పెరిగే పిల్ల' అని రాశాడు నాన్న."