దొరసాని చెవి వెనక నీలి గీత

పందుల కొట్టంలోకి కాళ్ళు కడుక్కుని రమ్మనే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కతే ఉండేది. ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మర్చిపోయారు. కొట్టం నేల అద్దంలా మెరవాలని పొద్దున్నే ఆవిడ చేసే హడావిడి చూసి వీధివాళ్ళు అద్దాలమ్మ అని పేరు పెట్టారు. ఎగతాళికి పెట్టిన పేరే గాని, ఆవిడ దాన్ని బిరుదులా మోసింది.

పంది అంటే బురద అనేవాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. చోటిస్తే పందికున్న శుభ్రం మనిషికి లేదని, చోటివ్వని మనిషిదే ఆ మురికంతా అని వాదించేది. ఊరికే వాదించి ఊరుకోలేదు కూడా. రోజూ పన్నెండు ఆడపందులకీ తన చేత్తో ఒళ్ళు తోమేది. అందుకు చెక్క పిడి ఉన్న పీచు బ్రష్షు ఒకటుంది. అత్తగారి చేతినుంచి వచ్చింది. రెండు తరాల బొటనవేళ్ళు ఆని పిడి మీద చిన్న గుంట పడింది. మొదటి గదిలో ఉండే దొరసాని అనే పందితో మొదలుపెట్టి వరసగా పన్నెండో గదిదాకా వెళ్ళేది. ఆ బ్రష్షు ఇంకెవరూ ముట్టుకోకూడదు. కోడలికి మిగిలింది వెనక షెడ్డులో ఉన్న పందిపిల్లలు.

తొమ్మిదేళ్ళుగా అద్దాలమ్మకి ఒకటే కోరిక. తన కొట్టంలో పుట్టిన ఆడ పందిపిల్లలు మాంసానికి కాక, వేరే రైతుల కొట్టాలకి తల్లులుగా వెళ్ళాలి. అందుకు పెంపకందారుల సంఘం అనుమతి పత్రం కావాలి. సంఘం డాక్టరు వచ్చి చూసి సంతకం పెడితేనే ఆ పత్రం. చోటు చాలదని ఒకసారి, మురుగుకాలువ వాటం సరిగా లేదని ఒకసారి తిప్పి పంపారు. రెండూ సరిచేయించింది. మూడోసారి డాక్టరు వచ్చే తేదీ ఖాయమయ్యాక ఆవిడ కాలు నేల మీద నిలవలేదు.

సరిగ్గా అప్పుడే కోడలు దొరసాని చెవి ఎత్తి చూసింది. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు పశువుల ఆసుపత్రిలో పనిచేసిన పిల్ల, కళ్ళు ఊరుకోవు. చెవి వెనక రూపాయి బిళ్ళంత గోధుమరంగు మచ్చ కనిపించింది. బురదేలే అని అద్దాలమ్మ ఇంకో నాలుగు సార్లు గట్టిగా తోమింది. పై పొట్టు రాలి మచ్చ పలచబడింది తప్ప పోలేదు. కోడలు నీలిరంగు మార్కరు తెచ్చి మచ్చ అంచు చుట్టూ గీత గీసి, పక్కన తేదీ వేసింది. వారం తిరిగేసరికి మచ్చ ఆ గీత దాటి వేలెడు బయటికి వచ్చింది.

"ఇది తామర అత్తయ్యా. ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. ముందు ఆ బ్రష్షు ఆపేద్దాం."

అద్దాలమ్మకి తల తీసేసినట్టయింది. గోక్కోవడం లేదు, బొచ్చు రాలడం లేదు, తొట్టి నాకి నాకి తింటోంది, ఇంక రోగమెక్కడుంది అని లేచింది. పందికి తామరొస్తే దురద ఉండదనీ, అందుకే కనిపెట్టడం కష్టమనీ కోడలు నెమ్మదిగా చెప్పబోయింది. అత్తగారు వినలేదు. ముప్పై ఏళ్ళుగా లేనిది ఇప్పుడొచ్చిందంటే ఆ ఆసుపత్రి నుంచి నీ వెంటే వచ్చుంటుంది అని ఒక మాట విసిరేసింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా! కొడుకు అడకత్తెరలో పోకచెక్కలా కాసేపు ఇటూ అటూ చూసి, దాణా లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

కోడలు మచ్చ అంచున చర్మం గీకి, కాగితంలో మడిచి పరీక్షకి పంపింది. కొత్త మచ్చ కనిపించినప్పుడల్లా గీత గీసి తేదీ వేసి, నోటుపుస్తకంలోనూ రాసుకుంటూ పోయింది.

డాక్టరు రావడానికి రెండు రోజులుందనగా పరీక్ష ఫలితం వచ్చింది. తామరే. అద్దాలమ్మ ఆ కాగితం చదివించుకుని, నేరుగా కొట్టంలోకి వెళ్ళింది. ఒక్కో చెవీ ఎత్తి చూసింది. మొదటి గదిలో అన్నిటికన్నా పాత తేదీ ఉంది. రెండో గదిలో దాని తర్వాతది, మూడో గదిలో ఇంకో నాలుగు రోజుల తర్వాతది. ఏడో గదిదాకా తేదీలు తన వెనకే నడిచొచ్చాయి. ఆ తర్వాత గదుల్లో ఇంకా ఏమీ లేదు. తన బ్రష్షు ఎరగని వెనక షెడ్డులో ఒక్క పిల్లకీ మచ్చ లేదు. అది మొదట ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు గాని, దాన్ని గది గదికీ తిప్పిందెవరో ఆ తేదీలు చెబుతున్నాయి.

ఆవిడ రవిక పొడుగు చెయ్యి పైకి లాగి చూసుకుంది. మెడ తోమేటప్పుడు పంది చెవికి ఆనే చోట, ముంజేతి మీద, గుండ్రటి ఎర్ర మచ్చ. రెండు వారాలుగా దాన్ని సబ్బుతో రుద్దుతోంది, ఎవరికీ చూపించలేదు. ఇదేమీ కాదని తనకి తానే చెప్పుకుంది.

బ్రష్షు తీసుకెళ్ళి నీళ్ళు కాగే పొయ్యిలో పెట్టింది. రెండు తరాల పిడి కాలడానికి పావుగంట పట్టింది. కోడలు చూసింది. ముందే చెప్పానుగా అనే మాట ఆ పిల్ల నోట రాలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అద్దాలమ్మకి.

డాక్టరు వచ్చాడు. కాళ్ళు కడుక్కోమంటే నవ్వుతూ కడుక్కున్నాడు. నేల చూశాడు, కాలువ చూశాడు, తొట్లలో వేలు పెట్టి చూశాడు. ఇంత శుభ్రమైన కొట్టం ఈమధ్య చూడలేదన్నాడు. ఆ మాట కోసమే కదా ఆవిడ తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది. దొరసాని జాతికి చెవులు పెద్దవి, మెడ మీదికి వాలి ఉంటాయి. వాటికింద ఏముందో పైకి కనబడదు. డాక్టరు చెవులు ఎత్తలేదు. కాగితం గోడకి ఆనించి కలం తీశాడు. కోడలు అత్తగారి వైపు చూడకుండా నేల చూస్తూ నిలబడింది.

"డాక్టరు గారూ, కాస్త ఆగండి. దీని చెవి ఎత్తి చూడండి," అంది అద్దాలమ్మ.

ఆయన చూశాడు. పక్క గదిలో చూశాడు. ఏడు గదులూ చూసి వచ్చాడు.

"మీరు చెప్పకపోతే నేను ఎత్తేవాణ్ణి కాదమ్మా."

"మా పిల్లలు వెళ్ళిన కొట్టాలవాళ్ళు ఎత్తేవాళ్ళు. నా పేరు తలుచుకుని మరీ ఎత్తేవాళ్ళు." ఆవిడ రవిక చెయ్యి పైకి మడిచి మచ్చ చూపించింది. "ఇది నా బ్రష్షు చేసిన పని. మా కోడలు మొదటి వారమే చెప్పింది, వినలేదు. పైగా నువ్వే తెచ్చావన్నాను. ఆ అమ్మాయి చూసుకునే షెడ్డులో ఒక్కదానికి మచ్చ లేదు, వెళ్ళి చూసుకోండి."

తప్పు ఒప్పుకుంటున్న మనిషిలా కాదు, ఇంట్లో ఉన్న బంగారం చూపిస్తున్న మనిషిలా నిలబడింది. కోడలు కొంగుతో మొహం తుడుచుకుంది.

సంతకం పడలేదు. మూడు నెలలు ఒక్క పిల్ల కూడా బయటికి వెళ్ళకూడదనీ, తర్వాత మళ్ళీ వచ్చి చూస్తాననీ డాక్టరు రాశాడు. వెళ్ళేముందు ఆ గీతలూ తేదీలూ ఎవరివని అడిగి, కోడలి నోటుపుస్తకం తీసుకుని అరగంట కూర్చుని రాసుకున్నాడు. మిగతా కొట్టాలవాళ్ళకి చూపిస్తానన్నాడు. ఆ అరగంటా అద్దాలమ్మ ఆయన పక్కనే నిలబడి, అది నాలుగా తొమ్మిదా అని ఆయన అడిగితే తనే జవాబు చెప్పింది.

ఆ తర్వాత పన్నెండు మేకులకి పన్నెండు బ్రష్షులు వేలాడాయి. గదుల మధ్య చెక్కలన్నీ బ్లీచింగుతో కడిగారు. మందు పూయడం కోడలి పని, చెవులు ఎత్తి పట్టుకోవడం అత్తగారి పని. అత్తగారి ముంజేతి మచ్చకీ కోడలే మందు రాసి, చుట్టూ నీలి గీత గీసి తేదీ వేసింది. స్నానానికి చెరిగినప్పుడల్లా అదే చోట మళ్ళీ గీసేది. కొళాయి దగ్గర ఒకావిడ, అద్దాలమ్మ కొట్టంలో తామరట గదా అని సాగదీసింది. అద్దాలమ్మ చెయ్యి చాపి, మచ్చ గీతకి ఎంత లోపలికి తగ్గిందో చూపించి, మా కోడలు గీసిందని చెప్పి బిందె ఎత్తుకుని వచ్చేసింది.

మూడు నెలలకి డాక్టరు వచ్చి ముందు చెవులే చూశాడు. ఇరవైనాలుగు చెవులు, ఒక్క మచ్చ లేదు. సంతకం పెట్టాడు.

ఆయన వెళ్ళాక కోడలు తడిగుడ్డ తెచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది. మచ్చ ఎప్పుడో పోయింది, లోపల ఏమీ లేని నీలి గీత మాత్రం మిగిలింది. జన్మలో ఒంటిమీద మరక ఉంచుకోని మనిషి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉండనీ అమ్మాయ్. వీధిలోకి వెళ్ళొచ్చాక తుడుద్దువుగాని," అని, రవిక చెయ్యి మోచేతిదాకా మడిచి, బిందె తీసుకుని కొళాయి దగ్గరికి బయల్దేరింది.