బజాతిని నోట్లో నురగ

మా వైపు కుక్కకి పేరు పెడితే అది కంచె అవతలి వాళ్ళకి తగలాలి. పక్కింటి వెలాపి గుమెదే ఎద్దులు మా మొక్కజొన్న చేను సగం మేసేసిన ఏడాది ఆయన తప్పయిందని ఒక్క ముక్క అనలేదు. పైగా పెళ్ళి పందిట్లో అందరి ముందూ "అయితే ఏమంటారంట?" అని నవ్వాడు. ఆ వారంలోనే మా ఇంటికి పిల్లకుక్క వచ్చింది. దానికి బజాతిని అని పేరు పెట్టాను. ఇప్పుడేమంటారు, అని అర్థం. రోజూ సాయంత్రం మేకలు ఇల్లు చేరే వేళకి వాళ్ళ వంటిల్లు దద్దరిల్లేలా ఆ పేరు పిలిచేదాన్ని. నెల తిరక్కుండా ఆయనా ఒక కుక్కని తెచ్చి బజాబోనా అని పెట్టాడు. చూస్తారుగా, అని. నేనిటు పిలవడం, ఆయన అటు పిలవడం. మాటల్లేకుండానే మా పోట్లాట ఏళ్ళ తరబడి నడిచింది.

పోయిన వానాకాలం బజాబోనాకి పిచ్చి పట్టిందని గుమెదేనే గొడ్డలితో కొట్టి చంపాడు. పశువుల పాక వెనక పాతిపెట్టి మళ్ళీ కుక్క మాటెత్తలేదు. నేను మాత్రం పిలవడం మానలేదు. నా కుక్క, నా గొంతు, నా ఇష్టం.

బజాతిని లేకపోతే మాకు మేకలు లేవు. ఏటి గుట్టల్లోంచి దుమ్ములగొండి దిగితే ఎదురు నిలిచేది అదొక్కటే. ఒకసారి దాని చెవి చీలిపోయింది గానీ మేకపిల్లని వదల్లేదు. ఆ చెవిని నేనే ఉప్పునీళ్ళతో కడిగి మాన్పాను. నేను పెంచిన దాని మీద నాకు ప్రాణం, అంతే.

ఈ గొడవ జరిగింది పశువులని మందు తొట్టిలో ముంచే రోజున. మా ఆయన లుంగిసాని పొద్దున్నే మందని తోలుకెళ్ళి తిరిగొచ్చాడు. ఊరంతా పిడుదుల మందు వాసనే. వాకిట్లో చాప మీద కూరకి మోపానే చెట్ల పురుగులు ఆరబోస్తుంటే గాదె వెనక నుంచి బజాతిని వచ్చింది. వెనక కాళ్ళు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. నోట్లోంచి తీగల్లా చొంగ. ఒళ్ళంతా చలి పట్టినట్టు వణుకు. నాలుగడుగులు వేసి కక్కింది.

"ఏమయిందే తల్లీ?" అని లేచాను.

"మాన్యాతీ! దాని దగ్గరికి పోకు!" కంచె మీంచి గుమెదే కేక. మా పుట్టింటి వంశం పేరు పెట్టి ఆయన నన్ను పిలిచి ఎన్నాళ్ళయిందో! మరుక్షణం కంచె దాటి వచ్చేశాడు. చేతిలో గొడ్డలి. బజాబోనాని చంపింది కూడా దాంతోనే.

"వెనక్కి రా అమ్మా. అది పిచ్చి. నాకు తెలుసు."

"మీకు తెలియనిదేముంది లెండి."

"ఎగతాళికి వేళ కాదిది. ఏరవతల గాడిదకి పిచ్చి పట్టిందని మొన్న విన్లేదా? దీనికి టీకా వేయించారా?"

వేయించలేదు. టీకాల బండి వచ్చిన రోజు మేం మా పిన్ని అంత్యక్రియల్లో ఉన్నాం.

అలికిడికి భయపడి బజాతిని ఖాళీగా ఉన్న మేకపిల్లల గుడిసెలోకి దూరింది. పొడుగు కర్రతో తలుపు నెట్టి గడియ వేశాను. గుమెదే తలుపు ముందు నిలబడ్డాడు.

"తలుపు తియ్యి. నొప్పి తెలీకుండా ఒక్క దెబ్బతో తేల్చేస్తా."

"ముందు నన్ను చూడనివ్వండి."

"ఇంక చూసేదేముంది? నా కుక్కని నేను చూళ్ళేదా? ఇదే నురగ, ఇదే వణుకు. అది ఎవర్నన్నా కరిస్తే ఆ పాపం ఎవరిది?"

ఆయన మాటలో తప్పు లేదు. పిచ్చే అయితే అది నా కుక్కయినా ఒకటే, పులయినా ఒకటే. కానీ పిచ్చి పట్టిన కుక్కని నేనూ చూశాను. చిన్నప్పుడు మా నాన్న వేటకుక్కకి పట్టింది. దాని దవడ వేలాడిపోయింది. గొంతు మారిపోయి ఇంకేదో జంతువు అరిచినట్టు అరిచేది. పళ్ళు విరిగేదాకా గుంజని కొరికింది. మా నాన్న పిలిస్తే ఎవరో అన్నట్టు చూసింది. ఆ చూపు నేనింకా మర్చిపోలేదు.

గుడిసె గోడకర్రల సందులోంచి లోపలికి చూశాను. మసక చీకటి.

"బజాతినీ," అన్నాను మెల్లగా.

తోక నేల మీద ఒకసారి కొట్టుకుంది. తల ఇటు తిప్పింది. ఆ చీకట్లో కంటిపాప ఇంత పెద్దది కావాలి. దాని కంటిపాపలు సూదిమొనంత ఉన్నాయి. నాకెక్కడో తట్టింది. ముక్కు ఆ సందులో పెట్టాను. పశువుల ఒంటి మీద ఆరిపోయిన వాసన కాదది. కళ్ళు మండేంత ఘాటు. మెడ మీద బొచ్చు జిడ్డుగా ఉండలు కట్టి ఉంది.

"సెలీ నాన్నా!" పిల్ల పేరుతో మా ఆయన్ని పిలిచిన ఆ అరుపుకి కోళ్ళు చెదిరిపోయాయి. "దీని ఒంటికి ఏం పూశావ్?"

లుంగిసాని కాడి బాగుచేస్తున్న వాడల్లా ఉలిని చేతిలోనే పట్టుకుని వచ్చాడు. గుమెదేని చూశాడు, గొడ్డలిని చూశాడు.

"చెవుల నిండా పిడుదులే కదా. తొట్టి దగ్గర సీసా అడుగున మిగిలింది ఇచ్చారు. అందరూ తెచ్చుకున్నారు మరి."

"నీళ్ళు కలిపావా?"

ఆయన ఉలిని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"అడుగుతున్నానా!"

"నీళ్ళు కలిపితే పిడుదులు చావట్లేదు... చిక్కగానే, గుడ్డతో రుద్దాను. ఒళ్ళంతా."

"నిన్ను ఆ తొట్టిలో ముంచాలి!" అన్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. "పో, నీళ్ళు తే. ఉన్న నీళ్ళన్నీ తే. సబ్బు కూడా."

గుమెదే కదల్లేదు. "మందు అని నువ్వంటున్నావ్. మందూ పూసి ఉండచ్చు, పిచ్చీ పట్టి ఉండచ్చు. నీ చెయ్యి కొరికిందంటే తర్వాత నేనేం చెయ్యగలను?"

నాకూ అదే భయం.

"గొడ్డలి మీ చేతిలోనే ఉందిగా. మీరు గుమ్మంలో నిలబడండి. నేను కొట్టమంటే కొట్టండి. నేను చెప్పేదాకా మాత్రం ఎత్తద్దు."

ఎరువు సంచి లోపలి ప్లాస్టిక్ చింపి రెండు చేతులకీ మోచేతుల దాకా కట్టుకున్నాను. నోరు కట్టేద్దామా అనుకున్నాను గానీ, కక్కుతున్న కుక్క నోరు కడితే ఊపిరాడక చస్తుంది. అందుకని కర్ర చివర తాడు ఉచ్చు వేసి, తలుపు తీసి, మెడకి తగిలించి ఆ కర్ర లుంగిసానికిచ్చాను. తల నా వైపు రాకుండా దూరంగా పట్టమన్నాను. నీళ్ళు పోసి సబ్బు రుద్దాను. తెల్లటి జిడ్డు కారింది. మళ్ళీ పోశాను, మళ్ళీ రుద్దాను.

గుమెదే భార్య మాదూబే చెంబుతో పాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "విషానికి పాలు విరుగుడు వదినా. పట్టించెయ్యి."

"వద్దమ్మా. ఇప్పుడు ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నువ్వు మీ ఫోన్ తీసుకుని పుట్ట ఎక్కు. పశువుల డాక్టరు సిజిబాకి చెయ్యి. మందు విషమని చెప్పు, నీళ్ళు కలపని మందని చెప్పు."

మా ఊళ్ళో ఆ చెదపుట్ట మీద తప్ప సిగ్నల్ అందదు. మాదూబే చెంబు నేల మీద పెట్టేసి ఉరికింది.

అప్పుడే బజాతిని ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయింది. కాళ్ళు చాచి, తల వెనక్కి విరిచి, పళ్ళన్నీ బయటపెట్టింది. దవడలు టకటకా కొట్టుకున్నాయి. కర్ర లుంగిసాని చేతిలోంచి జారిపోయింది. ఆ పళ్ళు నా మణికట్టు పక్కనే మూసుకున్నాయి.

గొడ్డలి నీడ గోడ మీద లేచింది.

"వద్దు!"

"మాన్యాతీ, తప్పుకో!"

"నేను చెప్పలేదు! ఇంకా చెప్పలేదు!"

నేను తప్పుకోలేదు. అది ధైర్యమని ఎవరన్నా అంటే నవ్వుతాను. కాళ్ళు కదల్లేదు, అంతే. కాసేపటికి బజాతిని ఒళ్ళు వదులయింది. దాన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాను, చొంగ బయటికి కారేలా. పక్కటెముకల మీద చెయ్యి వేశాను. ఊపిరి ఆడుతోంది. గుమెదే గొడ్డలి దించాడు, కానీ వదల్లేదు.

పుట్ట మీంచి మాదూబే కేకేసింది. సిజిబా పక్క ఊరి తొట్టి దగ్గరే ఉన్నాడట, వస్తున్నాడట. కడుగుతూనే ఉండమన్నాడట, నోట్లో ఏమీ పొయ్యద్దన్నాడట. మేం కడుగుతూనే ఉన్నాం. పీపాలో నీళ్ళు అడుగంటాయి. ఊపిరి ఒకసారి ఆగినట్టయ్యి మళ్ళీ వచ్చింది.

మోటారు సైకిలు చప్పుడు వినపడగానే ఏడుపొచ్చేసింది. సిజిబా వంగి దాని కనురెప్ప ఎత్తి చూసి, చిగుళ్ళు చూసి, ఒక సూది వేశాడు. కాసేపు ఆగి ఇంకోటి వేశాడు. మేమందరం దాని మూతి వైపే చూస్తున్నాం. చొంగ సన్నబడింది. ఆగింది. కంటిపాప మెల్లగా విచ్చుకుంది.

"బతుకుతుంది," అన్నాడు సిజిబా. "సమయానికి కడిగారు. అయినా పదిరోజులు కట్టేసి కనిపెట్టండి. ఎవర్నీ దగ్గరికి రానివ్వద్దు. తేరుకున్నాక టీకా నేనే వేస్తా." తర్వాత లుంగిసాని వైపు తిరిగాడు. "మీ మగాళ్ళకి ఎన్నిసార్లు చెప్పాలయ్యా? ప్రతి వానాకాలం ఇదే గోల. తొట్టి రోజు మధ్యాహ్నానికి ఊళ్ళో కుక్కలకి పిచ్చి పడుతుంది. పిచ్చికి మీ తొట్టి రోజు ఎలా తెలుస్తుంది?"

మాదూబే నవ్వబోయి ఆగిపోయింది. ఆమె మొగుడి వైపు చూస్తోంది. నేనూ చూశాను.

గుమెదే గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. ముఖంలో నెత్తురు లేదు.

"మందుకైతే," అన్నాడు సిజిబాతో, "మనిషిని గుర్తు పడుతుందా?"

"పడుతుంది."

"తోక ఊపుతుందా?"

"ఓపికుంటే ఊపుతుంది. ఏం?"

గుమెదే గొడ్డలిని గోడకి ఆనించాడు.

"నేను గొడ్డలెత్తినప్పుడు ఊపింది," అన్నాడు.

బజాబోనాని చంపిన రోజు కూడా తొట్టి రోజే. ఆయన ఆ పొద్దున తన కుక్క ఒళ్ళంతా రుద్దుతుంటే కంచె ఇవతల నుంచి నేనే చూశాను. మంచిదే, పిడుదులు పోతాయి అనుకున్నాను కూడా. ఆయన్ని అనడానికి నా దగ్గర ఏళ్ళ తరబడి దాచుకున్న మాటలున్నాయి. ఒక్కటీ అనాలనిపించలేదు. ఆయన కంచె దాటి వెళ్ళిపోయాడు, గొడ్డలి మా గోడకే ఉండిపోయింది.

మర్నాడు సాయంత్రం మేకలు వచ్చే వేళకి నేను దొడ్డి దగ్గర నిలబడ్డాను. బజాతిని గుడిసె ముందు తాడుకి కట్టేసి పడుకుని ఉంది. అలవాటుగా నోరు తెరిచి, మూసేశాను. ఆ పేరు ఆయన చెవిన పడేలా పిలవబుద్ధి కాలేదు. మేకలు ఒక్కొక్కటే లోపలికి వస్తున్నాయి.

కంచె అవతల నుంచి ఎవరో దగ్గారు.

"బజాతినీ," అన్నాడు గుమెదే. ఆయన నోట ఆ పేరు అదే మొదటిసారి. "మేకలొచ్చాయే. లే."

అది తలెత్తి ఆయన వైపు చూసి తోక ఊపింది.