రెండో గీత

మా ఇంట్లో పాజిటివ్ అనే మాట మా తోడికోడలి సొత్తు. పాలు పొంగిపోతే 'పోన్లే, పొయ్యి కడగడానికి వంక దొరికింది' అంటుంది. మరిది ఉద్యోగం ఊడిన రోజున కూడా నవ్వింది మహాతల్లి. "దాన్ని చూసి నేర్చుకో, ఎంత పాజిటివ్‌గా ఉంటుందో!" అని అత్తగారు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతారు.

నాకు ఒళ్ళు మండిపోతుంది. నేను పనిచేసేది పరీక్షల ల్యాబులో. అక్కడ పాజిటివ్ అంటే కామెర్లు, విషజ్వరం. ఆ కాగితం చేతికిస్తే మనుషుల మొహాలు పాలిపోతాయి. ఇక రక్తం సంగతంటారా, దానిది ఓ పాజిటివ్, నాది బి నెగెటివ్. దేవుడు కూడా అత్తగారి పార్టీయే.

నేను పాజిటివ్ కావాలని ఏళ్ళ తరబడి ఏడ్చింది ఒక్క పరీక్షలోనే. గర్భం చూసే పట్టీ మీద నాకెప్పుడూ ఒకటే గీత. మా ల్యాబులో ఆ పట్టీల కొత్త పెట్టె విప్పితే, అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి, గర్భం లేదని ఖాయంగా తెలిసిన మనిషి మూత్రంతో ముందొకటి ముంచి చూస్తాం. ఆ ఖాయమైన మనిషిని నేనే. "అక్క ఉండగా మనకేం బెంగ?" అని తోటి అమ్మాయిలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఏం చేస్తాను?

నిన్న పొద్దున తోడికోడలు చిన్న సీసా పట్టుకుని ల్యాబుకు వచ్చింది.

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదక్కా. నువ్వే చూడు."

కంగారులో కొత్త పెట్టె విప్పి, సరిచూడకుండానే పట్టీ ముంచేశాను. రెండు గీతలు! కడుపులో నిప్పులు పోసినట్టయింది. దానికి పెళ్ళయి నిండా ఏడాది కాలేదు.

"పట్టీలు చెడిపోయి ఉంటాయి, ఉండు" అన్నాను. నిజంగానే చెడిపోయి ఉండాలని మొక్కుకున్నాను. నా మూత్రం తెచ్చి అదే పెట్టెలోని ఇంకో పట్టీ ముంచాను. నాకూ రెండు గీతలొస్తే పెట్టె దండగ, దాని సంబరమూ దండగ. లేదా, ఏమో, ఈసారి నాకే నిజంగా...

ఒకటే గీత.

పట్టీలు బంగారంలా ఉన్నాయి. నాకు లేదని తేలబట్టే దానికి ఉందని రుజువైంది.

అది బయట బల్ల మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. నవ్వితే మనసారా తిట్టుకుందామని సిద్ధపడే వెళ్ళాను.

"చెడిపోలేదే. నీకు పాజిటివ్."

నవ్వలేదు. భోరుమంది. "ముందు నీకు కావాలని ఆగుదామనుకున్నామక్కా. ఇప్పుడు నీ మొహం ఎలా చూడను?"

ఆ మంచితనం కూడా దానికేనా! కడుపారా కుళ్ళుకునే సుఖం కూడా నాకు మిగల్చలేదు. "ఏడవకే పిచ్చిదానా. అత్తగారికి నేనే చెబుతాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

లోపలి నుంచి ఓ అమ్మాయి కేకేసింది. "అక్కా, కొత్త పెట్టె సంగతేంటి? వాడొచ్చా?"

"భేషుగ్గా ఉంది" అన్నాను. "వాడుకోండి."