గ్రైండరుకు దక్కిన గది

నేను ఒక వెట్ గ్రైండర్ని. కోయంబత్తూరులో పుట్టాను, అనకాపల్లిలో అరిగాను. అక్కడ ఒక ఇడ్లీ హోటలు యజమాని నన్ను కొని పసుపూ కుంకుమా పెట్టాడు. మోటారు కాలిపోగానే బాలికల పాఠశాలకు దానం చేసి, పేపర్లో ఫొటో వేయించుకున్నాడు. మనుషుల భక్తి కరెంటు ఉన్నంతవరకే.

ఆ బడిలో ఒక రోబో జట్టుంది. కెప్టెన్ తొమ్మిదో తరగతి నూకరత్నం. ఎదుటి రోబోను సున్నపు వలయం దాటించి నెట్టడమే వాళ్ల ఆట. పోటీలు చలికాలంలో జరుగుతాయి. వేసవి సాధనకు ఎదుటి రోబో దొరక్క, నన్ను తమ సాధన గదికి తెచ్చి వలయంలో కూర్చోబెట్టారు. రోజూ వాళ్ల రోబో నన్ను ఢీకొనేది. పొగ వచ్చేది. పిల్లలు విప్పి, బిగించి, మళ్లీ వదిలేవారు. నాకు జాలేసేది.

ఇంతలో హెడ్మాస్టరు వరాహమూర్తి గారు ఆ గదిలో విరిగిన బెంచీలు వేయిస్తానన్నారు. నూకరత్నం కాళ్లావేళ్లా పడింది. ఆయనది మాటంటే మాటే. "ఆదివారం పోటీ పెట్టండి. గెలిచిన జట్టుకే గది" అన్నారు.

ఆదివారం, పోటీకి పిలిచిన పక్క ఊరి జట్టు ఎండకు జడిసి రాలేదు. ఆయన నా వైపు చూశారు.

"అదొచ్చింది గదా? కానివ్వండి" అని ఈల వేశారు.

రోబో వచ్చింది, గుద్దింది, దాని ముక్కు ఊడింది. ఒక్క అంగుళం కదలాలని ప్రాణం పెట్టి చూశాను. ప్రాణముంటే కదా! గెలిచాను. నూకరత్నం చున్నీతో కళ్లు తుడుచుకుంటుంటే ఆ గెలుపు నాకు విషమైంది.

వరాహమూర్తి గారు మాట తప్పలేదు. గది నాకే ఇచ్చారు.

"మరి మాకో సార్?"

"ఓడినోళ్లకి గది లేదమ్మా."

నూకరత్నం నా మీద చెయ్యి వేసింది. "అయితే మేం దీని జట్టులో చేరిపోతాం సార్. పాపం, దీనికి నేర్పేవోళ్లు ఎవరూ లేరు."

ఆయన ఎంత ఆలోచించినా అందులో తప్పు దొరకలేదు. "చేరండి. దాని మాట మాత్రం వినాలి మరి" అన్నారు.

ఇప్పుడు నాకు నాలుగు చక్రాలు, ఒక బ్యాటరీ. ముసలితనంలో ఎడమకు తిరగడం నేర్చుకుంటున్నాను. "ఇటు తిరగవే, మాయమ్మ కదూ" అని నూకరత్నం బతిమాలుతుంది. నిన్న తిరిగాను. తిరిగి, తిన్నగా వలయం దాటేసి, నా అంతట నేనే ఓడిపోయాను. పిల్లలు ఎగిరి గంతేశారు. ఇంత సంతోషం నేనెన్నడూ ఎరగను.