అంచు మీద పెంటప్ప పేరు

పొద్దుగాల చాయ్ తాగి, బీడీల చాట ఒళ్లో పెట్టుకునే ముందు యమునాబాయి ట్రంకుపెట్టె తెరిచి గ్రాఫు కాగితం చూసుకునేది. పెనిమిటి పెంటప్ప పోయి మూడేండ్లయింది గానీ ఆయన పని ఆగలే. రోజుకొక వరుస, ఎర్రగళ్లు పచ్చగళ్లు, మూసిన పెట్టెల తనంత తానే నిండుతుండె. భవాని పేట్‌ల అందరికీ తెలిసిందే. పక్కింటి మల్లేశం అయితే రోజూ, నెమలి ఎందాక వచ్చిందక్కా అని అడిగేటోడు.

బతికున్నప్పుడు పెంటప్ప చద్దర్ల మీది పువ్వుల డిజైన్లు, నకాషాలు, గీసేటోడు. ఆయన గ్రాఫు మీద రంగులు నింపితే, అది చూసి అట్టలకు బొక్కలు కొట్టి మగ్గానికి ఎక్కిస్తరు. చద్దరు అంచుల కార్ఖానా సేఠ్ పేరు నేస్తరు. గీసినోని పేరు ఎవడు నేస్తడు? ఆ రివాజు పట్టుకునే, ఆయన పనిచేసిన కార్ఖానా వీరేష్ సేఠ్ ఆయన గొంతు కోసిండు. చూసిస్త తే రా పెంట్యా అని నకాషాలన్నీ పట్టుకపోయి, నావేనని కాపీరైటు రాయించుకున్నడు. మల్లేశం అండ్లది ఒక పువ్వు నేస్తుంటే నోటీసు పంపి మగ్గం బంద్ చేయించిండు. ఆ రందితోనే పెంటప్ప మంచం పట్టిండు, మళ్ల లేవలే. ఆ సేఠ్ నోట పెంటప్ప పేరు మర్యాదగ పలికించాలె, అప్పటిదాక నాకు చావు రావద్దు అనుకున్నది యమునాబాయి.

నెమలి పూర్తయిన వారానికి ఋతుజ వచ్చింది. పద్మశాలీల పాత కాగితాలు స్కాన్ చేసి అందరూ చూసేటట్టు కంప్యూటర్ల దాచే లైబ్రరీల పని ఆమెకు. ఏ షరతు మీద పెట్టాల్నో నువ్వే చెప్పాలె పెద్దమ్మా అన్నది.

"అందరికీ ఇస్త. వీరేష్‌కు తప్ప."

"అట్ల రాయరాదు పెద్దమ్మా. ఓపెన్ లైసెన్స్ అంటే అందరికీ ఇచ్చుడే, ఆయనకు గూడ. ఇచ్చినంక వాపస్ తీసుకోరాదు. కానీ ఎవరు నేసినా గీసినోళ్ల పేరు పెట్టాలె. కొంచెం మార్చి నేసినా, నాదే అని ఆపరాదు, అదిగూడ అందరిదే."

ఒద్దంటే ఎవరూ ముట్టకుండ గూడ రాయొచ్చని చెప్పింది. ఆ దినమంతా యమునాబాయికి బీడీ సరిగ్గ చుట్టరాలే. ఆ దొంగకు ఉత్తగ ఇచ్చుడా? కానీ దాచిపెట్టుకున్నదాన్నే గద వాడు ఎత్తుకపోయిండు. అందరి చేతుల్ల ఉన్నదాన్ని ఏం ఎత్తుకపోతడు? తెల్లారి సంతకం పెట్టింది.

మల్లేశం మగ్గం మళ్ల నడిచింది. అంచుల పెంటప్ప పేరు నేసి, మొదటి చద్దరు తెచ్చి ఆమెకు కప్పిండు. పేట్‌ల ఇంకో పదిమంది నేసిన్రు. వీరేష్ సేఠ్ గూడ ఆ నెమలినే నేసిండు, అంచుల మాత్రం ఎప్పటిలెక్క తన పేరే. ముసల్ది నన్నేం పీకుతదని నలుగురిల నవ్విండట.

ఆ రోజుకెళ్లి ట్రంకుపెట్టెల కాగితం తెల్లగనే ఉన్నది. పెంటప్ప పని జాగ మార్చిండు. సేఠ్ గోదాముల చద్దర్ల అంచుల మీద రోజుకొక వరుస వీరేష్ పేరు పోయి పెంటప్ప పేరు నిండబట్టింది. ముందు నెమలి చద్దర్లు, తర్వాత పాతయి, ఆఖరికి సేఠ్ బిడ్డ పెండ్లిల పెట్టినయి గూడ.

ఒకనాడు పగటియాళ్ల సేఠ్ వచ్చి గడప బయట నిలబడ్డడు. చెమటలు కారుతున్నయి.

"యమునక్కా, పెంట్యాకు జర చెప్పు..."

"ఎవరికి?"

మల్లేశం మగ్గం ఆపి చూస్తుండు. సేఠ్ తల దించిండు.

"పెంటప్పన్నకు."

"నెమలి ఎవరిది?"

"పెంటప్పన్నదే."

యమునాబాయి కండ్లు మూసుకుని ఆ మాట పూర్తిగ విన్నది. అయినా పగ తీరలే.

"అన్న పేరేసి నేసుకో సేఠ్. నిన్నెవరాపుతరు? షరతుల రాసే ఉంది."

"నేస్త. మరి నా పేరు? పాత చద్దర్ల మీద పోకుండ ఆపుమని చెప్పక్కా."

"పాతయి ఎన్నున్నయి?"

"నలభై ఏండ్లయి. ఊరూరా ఉన్నయి."

ఆమె తునికాకు తీసుకుని, తంబాకు పోసి, మెల్లగ చుట్టి, దారం కట్టింది.

"ఆయనకేం తొందర లేదు సేఠ్," అన్నది.