పాతర బూజు

"జ్వరం తగ్గింది గదా, ఇంక పాతరలోకి దిగు," అన్నది మా అత్త రంగనాయకమ్మ.

రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, 1957 అది. త్రిపురాంతకం చుట్టూ ఊళ్లన్నీ ఫ్లూ జ్వరంతో మంచాన పడ్డాయి. మా ఇంట్లో ముందు అత్త, తర్వాత నా భర్త పుల్లయ్య. ఇద్దరికీ గంజి కాచాను, కఫం ఎత్తిపోశాను, చెమట బట్టలు ఉతికాను. వాళ్లు లేచాక నేను పడ్డాను. నాకు గంజి కాచినవాళ్లు లేరు. అయిదో రోజు జ్వరం దిగింది గానీ రొమ్ము లోపల పచ్చిపుండులా మంట.

పెరట్లో గొయ్యి తవ్వి జొన్నలు దాచిన పాతరలోకి తొలకరి నీళ్లు దిగాయి. మూత తీసేసరికి గుప్పున బూజు వాసన. కూలిమనిషి దిగనని వెళ్లిపోయాడు. పుల్లయ్య గట్టు మీద నిలబడి, "నాకు దుమ్ము పడదు, నువ్వు దిగు," అన్నాడు. రెండు రోజులు ఆ గింజలను తట్టలకెత్తాను. కదిపితే చాలు, బూజు పొగలా లేచేది. పైట ముక్కుకు చుట్టుకుంటే, "ఏంది ఆ నాజూకు?" అన్నది అత్త.

పది రోజులకు మళ్లీ జ్వరం, దగ్గు, కఫంలో నెత్తురు. "క్షయ," అని అత్తే తేల్చేసింది. నా మంచం కొట్టంలోకి మారింది. నా చేతి నీళ్లు తాగరు గానీ పేడ ఎత్తడానికి ఆ చేతులే కావాలి. ఒకరోజు గోడ అవతలి నుంచి అత్త మాట వినబడింది. "నీకు బేస్తవారిపేటలో పిల్ల ఉండాదంట. దీన్ని పుట్టింట్లో దిగబెట్టి రా."

"విత్తనం పడేదాకా ఉండనీ మా. పనెవురు చేస్తారు?" అన్నాడు పుల్లయ్య.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా మార్కాపురం బస్సెక్కాను.

ఆసుపత్రిలో డాక్టరు సుశీలమ్మ మూడు రోజులు నా కఫం పరీక్షించింది. "క్షయ కాదు సుబ్బులమ్మా, బూజు. అది గాలిలో ఎప్పుడూ ఉంటుంది. మామూలుగా ఊపిరితిత్తుల లోపలి పొర దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఫ్లూ ఆ పొరను పుండు చేసింది, ఎదిరించే బలాన్నీ తీసేసింది. ఆ పుండు మానకముందే అంత బూజు పీల్చావు. నెల రోజులు పడుకుని ఉంటే ఇట్ల అయ్యేది కాదేమో. పాతరలోకి ఎందుకు దిగినావమ్మా?"

"దిగలేదు. దింపినారు," అన్నాను. ఆ మాట నా నోట వచ్చాకే నాకూ తెలిసింది.

దానికి సరైన మందు తమ దగ్గర లేదని దాచకుండా చెప్పింది. బతుకుతానో లేదో తెలియకుండానే అక్కడే మూడు నెలలు గడిచాయి. పడుకున్నాను, తిన్నాను. దగ్గు తగ్గింది. ఒక పక్క ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. కూర్చుని చేసే పని ఇస్తానని సుశీలమ్మ అన్నది. వార్డు దుప్పట్లు మడిచే పని, నెలనెలా జీతం.

అప్పుడొచ్చాడు పుల్లయ్య. "క్షయ కాదంట గదా! పోదాం పా. చేలో కలుపు మోకాలెత్తు లేచింది."

"నేను రాను," అన్నాను.

"మరి కలుపు ఎవురు తీస్తారు?" అన్నాడు.

పెళ్లయిన తొమ్మిదేళ్లలో, జవాబు కావాలని అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. నాకు తెలియదని చెప్పి వార్డులోకి వెళ్లాను.