కోడలు పలకని పేరు

మూడోసారి అడిగినా సాక్షి బోనులో నోబంటు నోరు విప్పలేదు. గొర్రెల దొంగతనం జరిగిన రోజు నీ మొగుడు ఎవరింటి కప్పు నేస్తున్నాడో చెప్పమంటాడు ప్రాసిక్యూటరు. ఆ ప్రశ్నని ఇంగ్లీషులోంచి తమ ఖోసా భాషలోకి మార్చి మార్చి దుబాసీ వూయెల్వా అలసిపోయింది. అంతదాకా గడగడా చెప్పిన నోబంటు, పేరు దగ్గరికొచ్చేసరికి తల దించేసింది.

ఆమె మొగుడు, ముద్దాయి మ్లామ్లి, ఆ రోజు జోలిలే అనే ఆయన ఇంటి కప్పు నేస్తున్నానని పొద్దున్నే చెప్పాడు. ఆ జోలిలే దొంగతనం తర్వాత, చలికాలంలో చచ్చిపోయాడు; సాక్ష్యానికి లేడు. ఇక భార్య కూడా అదే పేరు చెబితేనే మ్లామ్లికి విడుదల, లేకపోతే జైలే. అతను చెప్పేటప్పుడు ఆమెను బయట కూర్చోబెట్టారు.

"అబద్ధం అతకడం లేదు," అన్నాడు నగరం నుంచి కొత్తగా వచ్చిన ప్రాసిక్యూటరు, తాపీగా.

వూయెల్వాకు ఒళ్లు మండింది. సాక్షి తల అలా దించుకోవడం చూస్తే ఆమెకు కొత్తగా అనిపించలేదు; వాళ్లమ్మా అలాగే దించుకునేది. వాళ్లలో కోడలు మామగారి పేరు పలకదు, ఆ పేరున్న ఇంకెవరినీ పేరు పెట్టి అనదు. ఈమె మామ కూడా జోలిలేనే అయివుండాలి. కానీ దుబాసీ సొంత మాట కలపకూడదు. కలిపితే ఇరవై రెండేళ్ల ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

అయినా తెల్ల మేజిస్ట్రేటు వైపు తిరిగింది. "అయ్యా, మా ఆచారం ఒకటి అడ్డొస్తోందని నా అనుమానం. నోటితో చెప్పలేనిది రాసి ఇస్తుందేమో అడగనివ్వండి."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, తుడుచుకుని, సరేనన్నాడు.

"రాయొద్దని మా అత్త ఎన్నడూ అనలేదక్కా," అంటూ నోబంటు కలం అందుకుంది.

మేజిస్ట్రేటు కాగితం తీసుకుని పైకే చదివాడు. జోలిలే. నోబంటు గబుక్కున చెవులు మూసుకుంది. ప్రాసిక్యూటరు కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి మ్లామ్లిని వదిలేశారు. మెట్ల దగ్గర దుప్పటి కప్పుకుని కాచుకున్న అత్త, కొడుకుని చూసి కూడా ముందు కోడల్నే నిలేసింది.

"మీ మామ పేరు అన్నావా?"

"నేననలేదత్తా. లోపల ఆ తెల్లాయన అన్నాడు."

ముసలామె దుప్పటి సర్దుకుంది. "పోన్లే, ఆయనేం మనింటి కోడలు కాదుగా," అంది. అప్పుడు కొడుకుని పట్టుకుని భోరున ఏడ్చింది.